చేత్తో తిప్పిన రక్తం

అప్పట్లో గుంటూరులో ఒక చిన్న నర్సింగ్ హోములో డయాలసిస్ గది నా చేతికింద ఉండేది. మిషన్లు రెండే. నా నోరు మాత్రం మేడ మొత్తానికీ వినపడేది.

పర్చూరు వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. మిరపకాయలు కోయిస్తుంటే చేలో రక్తపింజరి కాటేసింది. విరుగుడు ఇంజక్షన్లతో ప్రాణం నిలిచింది గానీ కిడ్నీలు మూలపడ్డాయి. చుక్క మూత్రం లేదు. "అవి మళ్ళీ కోలుకుంటే కోలుకుంటాయి. అందాకా మిషనే దిక్కు," అన్నారు డాక్టరుగారు. భార్య, తమ్ముడు వరండాలోనే కాపురం పెట్టేశారు.

ఒక మధ్యాహ్నం అతని రక్తం మిషను గొట్టాల్లో తిరుగుతుండగా కరెంటు పోయింది. జనరేటరు మొండికేసింది. రక్తాన్ని తిప్పే పంపు ఆగితే ఒంటి బయటున్న రక్తం గడ్డకడుతుంది. అలాంటప్పుడు పంపుకి పిడి తగిలించి చేత్తో తిప్పాలి. టెక్నీషియన్ జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరుగారు బీపీ చూస్తున్నారు. గొట్టంలోకి గాలిబుడగ రాకుండా నేను కాపలా కాస్తున్నాను. గుమ్మంలో బిక్కమొహం వేసుకున్న తమ్ముణ్ణి పిలిచి తిప్పమన్నాను.

పాపం, బలమంతా పెట్టి గిరగిరా తిప్పాడు. తిప్పి, పిడి లాగేసి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఆపావేందయ్యా?"

"అందుకోలేదేంది సిస్టరమ్మా?"

పొలంలో ఆయిల్ ఇంజను అనుకున్నాడు మహానుభావుడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ ఇంజను తగలెయ్యా! అది అందుకోదు, మనం తిప్పినంతసేపే తిరుగుతుంది. తిరగలి తిప్పినట్టు మెల్లగా, ఆపకుండా తిప్పాలి!"

తిరగలి అనగానే భార్య లోపలికొచ్చేసింది. "నువ్వు జరుగబ్బాయ్," అని పిడి తీసుకుంది. కందులు విసిరిన చెయ్యి, ఒక్క కుదుపు లేదు. ఆమె చెయ్యి నొప్పెడితే మరిది, అతను అలిసిపోతే మళ్ళీ ఆమె. "నిదానం, నిదానం," అని నేను అరుస్తూనే ఉన్నాను. జనరేటరు గుర్రుమనేసరికి అందరం చెమటతో తడిసిపోయి ఉన్నాం. రక్తం ఎక్కడా గడ్డకట్టలేదు.

ఆ తర్వాత కూడా డయాలసిస్‌లు సాగాయి. రోజూ పొద్దున్నే "మూత్రం ఏమన్నా వచ్చిందా?" అని అతని భార్యను అడిగేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపేది.

ఒకరోజు సీసా పట్టుకుని వరండా అంతా అదిరేలా పరిగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా, పోశాడు!" డాక్టరుగారు, టెక్నీషియన్, నేను చుట్టూ మూగాం. అడుగున వేలి మందం కూడా లేదు.

"ఇంతే వచ్చింది. సరిపోద్దా అమ్మా?" అంది భయంగా.

"సరిపోద్ది తల్లీ!" అని సీసాతో సహా ఆమెను వాటేసుకుని ఏడ్చేశాను.