కర్మ సామాన్ల దుకాణానికి కస్టమర్ కేర్

ఉదయం పదకొండూ ఇరవైకి నేను దర్భలు కట్టలు కడుతుండగా ఫోన్ మోగింది. తీయలేదు. ఫోన్ తీసే పని అప్పటికి నాది కాదు, దాన్ని బయటివాళ్ళకు అప్పగించి వారమైంది. ఆ వారంలో నా దుకాణానికి నేనే దాదాపు కొరివి పెట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

నాది ఆన్‌లైన్ దుకాణం. అపరకర్మల సామగ్రి అమ్ముతాను. దర్భలు, నల్ల నువ్వులు, విస్తళ్ళు, అన్నీ ఒకే పెట్టెలో. నాన్న పోయినప్పుడు వీటికోసం మూసాపేట నుంచి కూకట్‌పల్లి దాకా తిరిగాను. తర్వాత హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి ఇది పెట్టాను. ఎక్కువ ఆర్డర్లు పురోహితులు శర్మగారి మాట మీదే వస్తాయి. ఆయన మా పేరు చెప్పడం మానేస్తే మాకు మేమే ఒక పెట్టె పంపుకోవాలి.

ఆర్డర్లు పెరిగాక ఒక్కడివల్ల కాలేదు. తెలివైనవాడైతే కట్టలు కట్టే పని బయటికిచ్చేవాడు. అది చేతులున్న ఎవరైనా చేస్తారు. నేను మాట్లాడే పని ఇచ్చాను. దర్భలు నన్ను ఏమీ అడగవు, మనుషులు అడుగుతారు.

మాదాపూర్‌లో సందీప్ అనే అతను కస్టమర్ కేర్ కంపెనీ నడుపుతున్నాడు. చీరల దుకాణాలకు, కేకుల దుకాణాలకు అతని మనుషులే జవాబులిస్తారు. నా పాత మెసేజ్‌లు చదివి, "జర ఖుషీగా ఉండాలె సార్. ఇవి చదువుతుంటే ఎవరో పోయినట్టున్నది" అన్నాడు. పోయారనే చెప్పాను.

"అయినా గూడ," అన్నాడు.

ఆ ఉదయం ఆగకుండా మోగుతుంటే చివరికి ఫోన్ తీశాను. శర్మగారు. కేపీహెచ్‌బీలో అన్నపూర్ణమ్మగారనే ఆవిడ భర్త పోయారు, రేపు పదో రోజు. పెట్టె చేరిందట. పెట్టె వెనకాలే ఒక మెసేజ్ కూడా చేరిందట. దాన్ని ఆయన మంత్రమంత స్పష్టంగా చదివి వినిపించారు. "మా సేవ మీకు నచ్చిందని ఆశిస్తున్నాం. త్వరలోనే మీ ఇంట్లో మళ్ళీ ఇలాంటి అవకాశం కల్పించండి. ఈ నెలలోనే అయితే రెండో పెట్టె సగం ధరకే." చివర నవ్వు ముఖం కూడా ఉంది. దాన్ని ఎలా చదవాలో ఆయనకు తెలియలేదు.

"చావింటి గుమ్మంలో వెళ్ళొస్తానని కూడా అనకూడదు నాయనా," అన్నారు. "మీవాళ్ళు ముహూర్తం అడుగుతున్నారు. ఆవిడ శాంతించకపోతే ఇక నీ పేరు నేనెక్కడా చెప్పలేను."

సందీప్‌కు ఫోన్ చేశాను. అందరికీ అదే మెసేజ్ పోతుందన్నాడు. "కస్టమర్ మళ్ళా రావాలె గద సార్? రాకుంటే బిజినెస్ ఎట్ల నడుస్తది?"

ఒప్పందం అక్కడే రద్దు చేసుకున్నాను.

కేపీహెచ్‌బీ వెళ్ళాను. అన్నపూర్ణమ్మగారు గోడకు చేరగిలబడి కూర్చున్నారు. క్షమించమన్నాను. మా నాన్న సంగతి చెప్పాను. చావింటి మర్యాద తెలియనివాళ్ళ చేతికి పని ఇవ్వడం నా బుద్ధితక్కువన్నాను. ఈ ముక్క కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ, "పోనీలే బాబూ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పులు వేసుకుని గుమ్మం దాటుతూ, నా జన్మలో ఎన్నడూ లేనంత వినయంగా, "వెళ్ళొస్తానండి" అన్నాను.

ఆవిడ కొడుకు కోపంగా నా వైపు రాబోయాడు.

"ఆగరా," అన్నారు అన్నపూర్ణమ్మగారు. "రెండో పెట్టె సగం ధరకిస్తానన్నాడుగా, పాపం అందుకే వస్తానంటున్నాడు. ఈ నెల నాకు కుదరదు నాయనా. వెళ్ళు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు. భర్త పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలని కొడుకు మర్నాడు శర్మగారితో చెప్పాడట. శర్మగారు మా పేరు ఇంకా చెబుతున్నారు.

దర్భలు ఇప్పుడు బోరబండలో ఇద్దరు ఆడవాళ్ళు కడుతున్నారు, నాకంటే గట్టిగా. ఫోన్ నేనే తీస్తాను. నల్ల నువ్వులు చేతిలో పట్టుకుని ఒక ప్రతిజ్ఞ కూడా చేశాను. పెళ్ళింట్లోనైనా, బ్యాంకులోనైనా, పళ్ళ డాక్టరు దగ్గరైనా, పని అయ్యాక లేచి వచ్చేస్తున్నాను. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పడం లేదు.