జమ్లీ చెప్పిన అబద్ధం

డోర్నకల్ దగ్గరి తండాలో జమ్లీ కొడుకు టీక్యాకు చిన్నప్పుడే పిక్కలు లావుగా, గట్టిగా ఉండేవి. పహిల్వాన్ అవుతాడని తండా అంతా మురిసింది. దిష్టి తగలకుండా జమ్లీ రెండు పిక్కలకూ నల్లదారం కట్టింది. అది బలం కాదు, కండరాలు కరిగిపోయే జబ్బని దవాఖానలో చెప్పేనాటికి పిల్లాడు మెట్లెక్కలేకపోతున్నాడు. నలుగురూ నవ్వుతారని ఏడో తరగతిలో బడి మాన్పించింది. పద్దెనిమిదో ఏట టీక్యా పోయాడు. బడి గంట వినబడితే జమ్లీ ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తుంది.

ఇప్పుడామె మహబూబాబాద్‌లో, ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే కేంద్రంలో ఆయా. బస్సులో, అంగడిలో, ఎక్కడున్నా కళ్ళు పిల్లల పిక్కల మీదే. చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటారు, అనుకోనీ.

అంగడిలోనే కనబడింది శృతి, ఎనిమిదో తరగతి. లావు పిక్కలు, నల్లదారం. తల్లి లత కూరగాయలమ్ముతుంది. జమ్లీ వెంటపడి దవాఖానకు తీసుకుపోయింది, అదే జబ్బని తేలితే వికలాంగుల సర్టిఫికెట్ ఇప్పించింది, బడిలో పెద్దసారుతో పోట్లాడి తరగతిని మేడ మీంచి కిందికి దింపించింది. ఇంతా చేశాక లత బిడ్డను బడి మాన్పిస్తానంది.

"ఇంక ఎన్నొద్దులు నడుస్తదో ఏమో. సదివి ఏం జేస్తదక్కా?"

"నా కొడుక్కు గిదే బీమారి. చక్రాల కుర్చీల పోయి పది పాసైండు. ఇప్పుడు డిగ్రీ" అంది జమ్లీ.

పిల్లల్ని బడి మాన్పిస్తామన్న ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్పేది. మొదట్లో ఇంటర్ అనేది. ఏళ్ళు గడిచేకొద్దీ వాణ్ణి పై తరగతికి పంపింది. చెప్పినప్పుడల్లా టీక్యా పక్కనే నిలబడి వింటున్నట్టుండేది, భయమేసేది. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది.

లత ముఖం విచ్చుకుంది. "గట్లయితే నా బిడ్డకు ఆ అన్నను ఒక్కపారి చూపియ్యక్కా. రేపే తీస్కొస్త."

ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడగలేదు. నిజం చెబితే ఈ పిల్ల చదువు ఆగిపోతుంది. చెప్పకపోతే చూపించడానికి దండేసిన ఫోటో తప్ప ఏముంది?

"లేడు చెల్లె. పోయి నాలుగేండ్లాయె. ఏడులనే నేనే మాన్పిచ్చిన. బడికి తోలియ్యవా యాడీ, తోలియ్యవా అమ్మా అని రోజు అడుగుతుండె. నేను తోలియ్యలే."

లత గంప నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. చేజేతులా చెడగొట్టానని జమ్లీ రెండు రోజులు సరిగా తినలేదు.

మూడోనాడు వెళ్ళి శృతి బడి గేటు దగ్గర నిలబడింది. ప్రార్థన అయిపోయింది. పిల్లలంతా లోపలికి వెళ్ళాక లత వచ్చింది, బిడ్డను నడుం చుట్టూ పట్టుకుని మెల్లగా నడిపిస్తూ. జమ్లీ వైపు చూడలేదు. శృతిని తరగతిలో కూర్చోబెట్టి వచ్చి, గేటు దాటుతూ అంది.

"అబద్ధమాడినందుకు నీతోని మాట్లాడ. కానీ నీ కొడుకు అడిగినట్టు నా బిడ్డ నన్ను అడగొద్దు."