జీపెక్కిన దరఖాస్తు

పదో తరగతిలో నాకు ఫస్టు క్లాసు వచ్చిందని తెలిసిన రోజు మా ఊళ్ళో రెండు వర్గాలవాళ్ళూ కలిసి ఆశ్చర్యపోయారు. వానను తిట్టడం తప్ప ఆ రెండు వర్గాలూ కలిసి చేసిన పని అంతకు ముందు నేను చూడలేదు.

మా ఊరు జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య ఒకచోట ఉంటుంది. ఫలానా చోటని చెబితే ఇప్పటికీ ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నడివీధికి ఈ పక్క పెద్దాయన మనుషులు, ఆ పక్క అవతలాయన మనుషులు. బిడ్డ పుడితే పేరు పెట్టేలోపలే పార్టీ వచ్చేసేది. ఇల్లు ఏ పక్కనుంటే ఆ పార్టీ. మా ఇల్లు ఈ పక్క గనక మా గొర్రెలు కూడా పెద్దాయన పార్టీవే. అవతలి బీట్లోకి పోయి మేసేంత ధైర్యం మా పొట్టేలుకే లేదు, మా నాయనకు ఎక్కడిది?

మా అమ్మకు ఒకటే పట్టుదల. నాకు మీసాలు వచ్చేలోపల నన్ను ఊరు దాటించాలి. మీసాలు వచ్చినవాణ్ణి జీపెక్కించుకునేవాళ్ళు. జీపెక్కినవాడు దిగితే కోర్టు మెట్ల మీద దిగాల, లేకపోతే ఆసుపత్రి గడపలో దిగాల. ప్రొద్దుటూరు కాలేజీలో ఎంపీసీ సీటు వచ్చి హాస్టల్లో పడితే నేను జీపుకు అందను. ఎంపీసీ అంటే ఏందో అమ్మకు తెలియదు. ప్రొద్దుటూరు మా ఊరు కాదని మాత్రం తెలుసు, అది చాలు.

దరఖాస్తు తయారు చేయడం రామాయణంలో వారధి కట్టినంత పనయింది. ముందు ఫోటో. ప్రొద్దుటూరు స్టూడియోవాడు, కాలేజీ ఫోటో అంటే కోటు ఉండాలని చెప్పి గోడకు తగిలించిన కోటు తీసి నాకు తొడిగాడు. అందులో నాతోపాటు ఇంకో ఇద్దరు పట్టేవాళ్ళు. ఫోటోలో నేను పదో తరగతి పిల్లోడిలాగా లేను, ఇద్దరు పెళ్ళాలున్న కంట్రాక్టరులాగా ఉన్నాను. తర్వాత గెజిటెడ్ సంతకాలు. తొండూరులో మా గొర్రెలకు సూదులేసే డాక్టరే మాకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు. గొర్రె మొహం ఎట్లా చూడడో నా మార్కుల లిస్టూ అట్లాగే చూడకుండా ముద్ర వేశాడు. కులం సర్టిఫికెట్టు కోసం మా నాయన తాసీల్దారు ఆఫీసు వరండాలో ఎంతసేపు కూర్చున్నాడంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్నే బిళ్ళబంట్రోతు అనుకుని అర్జీలు చేతికిచ్చినారు. కండక్టు సర్టిఫికెట్టులో మా హెడ్మాస్టరు "నడవడి మిక్కిలి శ్రేష్ఠము" అని రాసి, నాతో ఒక మాట చెప్పాడు. నా మార్కులకు ఎవరి రికమెండేషనూ అక్కర్లేదు, దీన్ని తీసుకపోయి కాలేజీ కిటికీలో ఇచ్చి వస్తే సీటు దానంతట అదే వస్తుంది అని.

అమ్మ తెల్లారి బస్సుకు నన్ను పంపాలని సద్ది కూడా కట్టింది. నాయన ముద్ద మింగకుండా కూర్చున్నాడు.

"ఆయప్పకు సెప్పకుండా పోతే ఏమనుకుంటాడు?" అన్నాడు.

"ఏమనుకుంటే ఏంది? సీటు ఆయప్పది కాదు గదా" అంది అమ్మ.

"సీటు కాదే, ఊరు ఆయప్పది."

మా ఊళ్ళో పద్ధతి అది. ఆఫీసుకు పోయే ఏ కాగితమైనా ముందు పెద్దాయన మంచమ్మీద కూర్చోవాల్సిందే. రేషన్ కార్డు, కరెంటు మీటరు, పెళ్ళి పత్రిక, అన్నీ అంతే. చెప్పకుండా పోయినవాడు అవతలాయన మనిషి కింద లెక్క. మా నాయన కవరు చంకలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని పోయాడు.

పెద్దాయన కవరు తూకం చూసినట్టు చేతిలో ఎగరేశాడు. లోపల నకళ్ళు చూసి మొహం చిట్లించాడు. "నకళ్ళు ఎవురిక్కావల్ల? అసలువి తేపోప్పా. ప్రిన్సిపాలుకు నా చేత్తో నేనే ఇస్తా. పిల్లోడు ఎండలో యాడ తిరుగుతాడు?" అన్నాడు. నేను నోరు తెరవబోతే నాయన నా కాలు తొక్కినాడు. అసలువి ఇంటి నుంచి తెచ్చి ఇచ్చినాం. కవరు జీపు ముందు పెట్టెలోకి పోయింది. నాయన మొహంలో నాకు ఇంజినీరు ఉద్యోగం వచ్చినంత వెలుగు. అమ్మ మాత్రం సద్దిమూట విప్పి కుక్కకు వేసింది.

నేను అప్పటికి పులివెందుల సరిగా చూసింది లేదు. నా దరఖాస్తు చూసింది. జీపు నేరుగా ప్రొద్దుటూరు పోకుండా ముందు పులివెందులలో పార్టీ మీటింగుకు పోయింది. అక్కడ దండలేయించుకుని, జమ్మలమడుగు కోర్టులో వాయిదాకు బయల్దేరింది. వాయిదాకు అవతలాయన జీపు కూడా వస్తుందని గొర్రెపిల్లకు కూడా తెలుసు. జమ్మలమడుగు ఇంకా రాకముందే రెండు జీపులూ ఎదురుపడ్డాయి. రాళ్ళు పడ్డాయి, నాటు బాంబులు పడ్డాయి. అవతలి డ్రైవరుకు కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇంతదాకా నేను పెంచి చెప్పినవి చాలా ఉన్నాయి గానీ ఆ చెయ్యి సంగతి పెంచలేదు. మావాళ్ళు జీపు వదిలేసి చేలల్లో పడి పరుగెత్తినారు.

పోలీసులు వచ్చి జీపు సోదా చేస్తే సీటు కింద కత్తులు, ముందు పెట్టెలో నేను. అంటే నా మార్కుల లిస్టు, టీసీ, కోటు తొడుక్కున్న ఫోటో. పారిపోయేవాళ్ళు చెప్పులు వదిలిపోవడం వాళ్ళకు మామూలే. ఊరు, పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలతో సహా వదిలిపోయిన ముద్దాయి వాళ్ళ సర్వీసులో నేనే మొదటివాణ్ణి అయ్యుంటాను.

అవతలివాళ్ళు కంప్లైంటు రాయిస్తున్నారు. ఈ విషయంలో రెండు వర్గాలదీ ఒకటే శాస్త్రం. కొట్టినవాళ్ళ పేర్ల కన్నా ముందు ఎదుటి పక్క చదువుకునే పిల్లోళ్ళ పేర్లు రాయించేవాళ్ళు. కత్తి పట్టేవాడికి కేసు అలంకారం. చదివేవాడికి కేసుంటే వాడి సీటూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది, ఆ ఇల్లు మళ్ళా లేవదు. మా పక్క చదువుకునేవాడు ఎవడా అని వాళ్ళు తల గోక్కుంటుంటే, పోలీసులే నా ఫోటో తీసి చూపించినారు. ఈ కోటాయనే బాంబేసినాడని అందరూ ఒకే గొంతుతో చెప్పినారంట. నా వయసు ఇరవై పైనే అని రాసినారు. అది కోటు మహిమ.

పోలీసుల కబురొస్తే నాయన నన్ను జమ్మలమడుగు స్టేషనుకు తీసుకుపోయాడు. ఎస్సై నా మార్కుల లిస్టు చేతిలో పట్టుకుని కిందా మీదా చూస్తున్నాడు.

"లెక్కల్లో ఇన్ని మార్కులు పెట్టుకోని బాంబులెందుకేసినావురా?"

వేయలేదని చెప్పాను. ఆ కవరు ఇప్పిస్తే ప్రొద్దుటూరులో ఇచ్చి మళ్ళా వచ్చి కూర్చుంటానని, గడువు దాటిపోతుందని బతిమాలాను. అంత పెద్ద కేసులో నేను అడిగింది అదొక్కటే. జైలు భయం నాకింకా తట్టలేదు, సీటు భయమే తట్టింది.

"ఇది ఇప్పుడు నీది కాదురా, కోర్టుది" అన్నాడు ఎస్సై. మాటలో కోపం లేదు. అదే నాకు బాధయింది.

నాయన పరుగున పోయి పెద్దాయనకు చెప్పుకున్నాడు. ఆయన తన లాయరుతో బెయిలు తెప్పించి, బయటికొచ్చిన నా భుజం నవ్వుతా తట్టి, ఇప్పుడు నువ్వు మన మనిషివైనావని మెచ్చుకున్నాడు. సీట్ల లిస్టు కాలేజీ గోడకు అంటించినప్పుడు పోయి చూసి వచ్చాను. నాకన్నా తక్కువ మార్కులవాళ్ళు అందులో బారులు తీరి ఉన్నారు. అసలు సర్టిఫికెట్లు కోర్టు బీరువాలో ఉన్నాయి గనక ఇంకే కాలేజీకి పెట్టుకునే దారీ లేదు. ఆ ఏడంతా పెద్దాయన అరుగు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాసిపెట్టినాను. నా మూతి మీద మీసాలు వచ్చినాయి. అమ్మ వాటిని పాముపిల్లల్ని చూసినట్టు చూసేది.

తర్వాత ఎలక్షన్లు వచ్చినాయి. పెద్దాయన, అవతలాయన ఒకే పార్టీలో చేరినారు. సాక్షులందరికీ ఒక్కసారే మతిమరుపు వచ్చి కేసు కొట్టేసినారు. రాజీ విందుకు కోసిన పొట్టేళ్ళు మావి. చెయ్యి పోయిన డ్రైవరు కూడా వచ్చినాడు. ఎడమ చేత్తో తింటాంటే నేను అటు చూడలేకపోయినాను.

ఆ విందులో పెద్దాయన కొడుకు నా పక్కన కూర్చున్నాడు. నాతోపాటు పదో తరగతి రాసినవాడే, బెంగళూరు కాలేజీలో చదువుతున్నాడు. నీ దరఖాస్తు ఎవరు తీసుకుపోయినారని ఊరికే అడిగినాను.

"రిజిస్టరు పోస్టులో పంపినాం మామా. జీపులో కాగితాలు పెడితే యాడ పోతాయో తెలీదంటాడు మా నాయన" అని బొమిక చప్పరిస్తా చెప్పినాడు.

నేను విస్తరి మడిచి లేచినాను. మా పొట్టేలే, అయినా వదిలేసి లేచినాను.

సర్టిఫికెట్లు చేతికొచ్చినాక ఈసారి అమ్మే నన్ను బస్సెక్కించుకుని పోయింది. పెద్దాయన అరుగు మీదినుంచి యాడికని కేకేస్తే, మా అన్నకు బాగలేదు, ఎర్రగుంట్లకు పోతాండామని మొహం తిప్పకుండా అబద్ధం ఆడింది. కాలేజీ కిటికీలో గుమాస్తా నా కాగితాల మీదున్న కోర్టు ముద్రలను చాలాసేపు చూసి, ఒక ఏడు ఏం చేసినావని అడిగినాడు. అర్జీలు రాసినానని చెప్పినాను. కొత్త కండక్టు సర్టిఫికెట్టులో మా హెడ్మాస్టరు నా కళ్ళల్లోకి చూడకుండా, "నాకు తెలిసినంతవరకు బాగున్నది" అని మాత్రమే రాసినాడు. ఎంపీసీ ఆ ఏడు పాసయినవాళ్ళకే నిండిపోయింది. ఎవరూ చేరక మిగిలిన, లెక్కలే లేని హెచ్.ఇ.సి.లో, గోడపక్క బెంచీలో నాకింత చోటిచ్చినారు.

సీటు వచ్చిందని తెలియగానే మా నాయన ఉతికిన పంచె కట్టుకుని ఎవరికీ చెప్పకుండా పెద్దాయన ఇంటికి పోయి, కాళ్ళకు దండం పెట్టి వచ్చినాడు. ఎందుకు పోయినావని అమ్మ నిలదీసింది.

"ఆయప్ప మాట లేకుండా ఎట్లొస్తాదే సీటు? ఆయప్పే ఒప్పుకున్న్యాడు, తానే సెప్పిచ్చినానని" అన్నాడు నాయన, సంతోషంగా.