అక్క కోసం రెండో పొట్లం

కోరుకొండ దగ్గర మా అన్నయ్యకి రెండెకరాల వరి ఉంది. కిందటి దాళ్వాలో, అంటే రెండో పంటకి, వ్యవసాయ పరిశోధన చేసే ఒక అమ్మాయి వచ్చి, అందులో పది సెంట్లు ప్రయోగానికి అడిగింది. పైరు మీద సెలీనియం పిచికారీ చేస్తే అది గింజలోకి చేరుతుందట. ఒంటికి అది అవసరమే కానీ, బహు కొద్దిగా చాలు. రోజూ ఎక్కువగా లోపలికి వెళ్తే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారతాయి. పత్రికలో పనిచేసిన అలవాటు కొద్దీ నేను ఇదంతా రాసుకున్నాను. అన్నయ్య తల ఊపాడు.

ఆ అమ్మాయి ఆ మందు రెండు పొట్లాలు ఇచ్చింది. నీళ్లలో కలిపి ఒకటే కొట్టాలి. కొట్టగానే వాన పడి కడిగేస్తే, తనకి ఫోన్ చేసి రెండోది వాడాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ గింజలు ఎవరూ తినకూడదు. ఆ ఏడు వాన పడలేదు.

కోతలయ్యాక వెళ్లాను. భోజనాల దగ్గర వదిన, పెద్దాపురంలో ఉన్న మా అక్కకి కొత్త బియ్యం పంపామని చెప్పింది. ఏటా మొదటి బస్తా అక్కదే. అక్కకి ఆపరేషనై అప్పటికి రెండు నెలలు. ఏ మడివని అడిగాను. ఆ పది సెంట్లవేనన్నాడు అన్నయ్య, పప్పు కలుపుతూ. రెండో పొట్లం సంగతీ చెప్పాడు. అదీ అదే పిచికారీ ట్యాంకులో కలిపేశాడట. అక్క నీరసంగా ఉంది, బలం ఇంకాస్త ఎక్కువే అందుతుందనుకున్నాడు.

ఆ అమ్మాయి చెప్పినదంతా మళ్లీ చెప్పాను. అన్నయ్య చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీ ముందేగా చెప్పింది," అన్నాను.

"అప్పుడు నేను అక్క గురించి ఆలోచిస్తున్నానురా."

చెయ్యి కడుక్కుని తనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. "మీరు గింజలు తీసుకెళ్లినప్పుడు ఒకటే కొట్టానని చెప్పానమ్మా. రెండూ కొట్టాను." అక్క ఎన్నాళ్లుగా తింటోందని ఆమె అడిగింది. ఐదు రోజులు. అంతలో ప్రమాదం ఉండకపోవచ్చు కానీ వెంటనే ఆపమని, డాక్టరుకి ఒకసారి చూపించమని చెప్పింది.

అక్కకి ఫోన్ చేస్తే సరిపోతుందన్నాను. తమ్ముడు పండించాడని సరేనంటూనే తినేస్తుందన్నాడు. ఇద్దరం బండి మీద బయల్దేరాం.

అక్క అంతా విని, "పుట్టింటి బియ్యం వెనక్కి పట్టుకెళ్లేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానురా," అంది. జుట్టు రాలుతుందనగానే మాత్రం జడ ముందుకేసుకుని తడిమి చూసుకుంది. తర్వాత అన్నయ్య బట్టతల వంక చూసి, "నువ్వు తిన్నా నీకేం భయం లేదులే," అంది. నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. డబ్బాలో ఉన్న బియ్యం కూడా గింజ మిగలకుండా బస్తాలో పోసి మూతి కట్టాడు.

అక్కకి ఏమీ కాలేదని డాక్టరు చెప్పారు. కొన్ని వారాలకి పరీక్ష ఫలితమూ వచ్చింది. గింజలో సెలీనియం ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. ఆ మడిని ప్రయోగం లెక్కలోంచి తీసేశామని, ఆ ధాన్యం మనుషులకీ గొడ్లకీ పెట్టొద్దని చెప్పి ఆ అమ్మాయి అదంతా తీసుకెళ్లిపోయింది.

ఆ ఆదివారం పక్క మడి బియ్యం తీసుకుని మళ్లీ పెద్దాపురం వెళ్లాం. అక్క గుమ్మంలోనే మమ్మల్ని ఆపింది.

"ఇందులో ఏం కలిపావురా?"

"ఏం కలపలేదక్కా. ఒట్టి బియ్యమే."

"అయితే ఎసరు పెడతాను. తినే వెళ్లండి," అని పక్కకి తప్పుకుంది.