తెర మీద పోగులు

నేను రిటైరయ్యే ముందు ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, చేనేత డిజైన్ కేంద్రాల కంప్యూటర్లు చూసే పని నాకు అప్పగించారు. నేను చెప్పేదంతా రాసిపెడతానన్నావు కదా, హోదా కూడా రాసుకో చిన్నీ: సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. పేరు పెద్దదే కానీ నా కింద ఎవరూ లేరు. పైన మాత్రం చాలామంది ఉండేవాళ్లు. ఆఫీసు అనంతపురంలో. ధర్మవరంలో యంత్రం మొరాయిస్తే పొద్దున్నే బస్సెక్కి పోవాలి, పొద్దుగూకేలోపు తిరిగి రావాలి.

ధర్మవరం కేంద్రంలో డిజైన్లు గీసేది రామాంజనేయులు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పోయాక, నడివయసులో కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. పట్టుచీర అంచులో హంస రావాలంటే ముందు ఆ హంసను తెర మీద చిన్న చిన్న గళ్లలో నింపాలి. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలను మగ్గం పైనుండే జకార్డు అనే పరికరానికి తగిలిస్తే మగ్గం ఆ బొమ్మను నేస్తుంది. ఒక్క గడి తప్పినా ఆ తప్పు చీర పొడవునా వస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ ఉద్యోగమంతా కళ్ల మీదే నడుస్తుంది. కళ్లు సరిగా లేవని తెలిస్తే ఎవరూ ఆ కుర్చీలో కూర్చోనివ్వరు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "మేడమ్, తెర ఉన్నట్టుండి నల్లగా అయిపోతాండాది. గీసిందంతా పోతాండాది."

"ఏమప్పా, కార్డేమన్నా మార్చినారా?" అని అడిగాను.

"మార్చినాం మేడమ్. కొత్తవి కొట్టించి మొన్ననే తగిలించినాం."

నేనడిగింది కంప్యూటర్ లోపలుండే గ్రాఫిక్స్ కార్డు గురించి, ఆయన చెప్పింది మగ్గం మీది అట్టల గురించి. అక్కడ అట్టల్ని కూడా కార్డులనే అంటారు. నవ్వుతూనే రాయిలే, మేమిద్దరం కూడా ఆరోజు బాగా నవ్వుకున్నాం. నవ్వడం అయ్యాక ఆయనే అన్నాడు: "ఇంకోటి మేడమ్. తెర మీద నల్ల పోగులు తేలుతాండాయి. తెగిన పోగు గాలికి ఆడతాది చూడు, అట్ల."

గ్రాఫిక్స్ డ్రైవర్ చెడితే తెర మీద గీతలు పడటం మామూలే. నేతగాడు గీతను పోగు అనడం కూడా మామూలే. నేను అలాగే అర్థం చేసుకున్నాను.

మర్నాడు వెళ్లేసరికి కేంద్రం మేనేజరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రా మేడమ్ రా. మా వానికి తెర మీద పోగులు కనబడతాండాయంట. మగ్గం దిగి ఇన్నేండ్లయినా వానికి పోగుల మీద పానం పోలేదు" అన్నాడు. లోపలున్న వాళ్లంతా నవ్వారు. రామాంజనేయులు కూడా నవ్వాడు గానీ, "మిషన్ బాగుంటే నేనెందుకప్పా సెప్తా?" అని గట్టిగానే అన్నాడు.

ఆ కంప్యూటర్లో నడిచేది లినక్స్. తెర నల్లబడినంత మాత్రాన లోపల పని ఆగినట్టు కాదు. తెరకు బొమ్మ అందించే భాగం ఒక్కటే పడిపోయి, మిగతాదంతా బతికే ఉండొచ్చు. అందుకని పక్క గదిలో స్టోర్ లెక్కలు చూసే కంప్యూటర్ మీద కూర్చుని, నెట్‌వర్క్ దారిలో దీని లోపలికి వెళ్లాను. నడిచినదంతా సిస్టమ్ తనంతట తాను నమోదు చేసుకునే లాగ్ చదివాను. సంగతి అక్కడ తేలింది. గ్రాఫిక్స్ కార్డు పాతది. దాన్ని తయారు చేసినవాళ్లు కొత్త డ్రైవర్లలో ఆ కార్డును వదిలేశారు. డ్రైవర్ అంటే సిస్టమ్‌కూ కార్డుకూ మధ్య దుబాసీ అనుకో. ఆటోమేటిక్ అప్‌డేట్ వచ్చి పాత దుబాసీని తీసేసి, ఈ కార్డు భాష రాని కొత్తవాణ్ణి కూర్చోబెట్టింది. తెర మీద బొమ్మను పెద్దది చేసినప్పుడల్లా వాడు తడబడి పడిపోతున్నాడు.

కొత్త డ్రైవర్ పూర్తిగా తీసేశాను. ఆ కార్డుకు సరిపోయే పాత డ్రైవర్ వేసి, దానికి తగ్గ పాత కెర్నెల్‌తోనే యంత్రం లేచేలా చేశాను. కెర్నెల్ అంటే సిస్టమ్ గుండెకాయ. మళ్లీ అప్‌డేట్ వచ్చి ఆ రెండింటినీ మార్చకుండా కట్టడి పెట్టాను. హంసను పెద్దది చేశాను, చిన్నది చేశాను, అటూ ఇటూ ఈడ్చాను. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

"కూర్చో రామాంజనేయులూ, బాగయింది" అన్నాను.

కూర్చున్నాడు. కాసేపు చూసి, "నల్లబడ్డం పోయింది మేడమ్. పోగులు పోలేదు" అన్నాడు.

కేబుల్ మార్చాను. పోగులు ఉన్నాయన్నాడు. స్టోర్ గదిలోంచి వేరే మానిటర్ తెచ్చి పెట్టాను. అయినా ఉన్నాయన్నాడు. ఫోన్‌తో తెరను ఫోటో తీసి చూపించాను. ఫోటోలో తెర శుభ్రంగా ఉంది. "ఫోటోలో పడ్డంలేదు మేడమ్, అంత సన్నవి" అన్నాడు.

అంతలో ఆయన భార్య నాగమ్మ తినడానికి సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. ఆమె ఇంట్లో మగ్గం నేస్తుంది, సన్నపోగు ఆమె కంటికి ఆనకుండా పోదు. "నువ్వొకసారి చూడు నాగమ్మా" అన్నాను.

ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. "యాడుండాయి అక్కా? ఏమీ లేవు కదా."

"ఇదో, ఈడ" అని రామాంజనేయులు తెర మీద వేలు పెట్టాడు. "ఇదో, ఇట్ల పోతాండాది." ఆ వేలు హంస ముక్కు నుంచి జరిగి జరిగి తెర అంచు దాటి పోయింది. నేను వేలిని వదిలేసి ఆయన కళ్లు చూశాను. కళ్లు ఎటు తిరిగితే పోగు అటే పోతోంది.

"రామాంజనేయులూ, తెర వద్దు. ఆ గోడ దిక్కు చూడప్పా."

సున్నం కొట్టిన తెల్ల గోడ. చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"ఆడగూడా ఉండాయా?" అని నాగమ్మ అడిగింది. ఆయన గోడ మీంచి చూపు తిప్పేసుకున్నాడు. "సెప్పు! నోట్లో ఏం పెట్టుకున్యావు?"

"ఉండాయి."

"ఎప్పటి నుంచి?"

"ఉగాదికి ముందు నుంచే. తెర సూసి సూసి కండ్లల్లో మిగిలిపోయినాయనుకుంటి. మిషన్ బాగయితే పోతాయనుకుంటి." తర్వాత నావైపు తిరిగి, "తెర నల్లబడేది నిజమే కదా మేడమ్? అందరూ సూసినారు కదా?" అన్నాడు.

నిజమేనన్నాను. అది నిజం కావడం వల్లే ఆయన కళ్లు ఎవరికీ చూపించుకోలేదు.

ఆయనకు షుగరు జబ్బు చాలా ఏళ్లుగా ఉందట. మాత్రలు ఉన్నప్పుడు మింగేవాడు, లేనప్పుడు లేదు. ఆ మధ్యాహ్నమే నాతోపాటు ఇద్దరినీ బస్సెక్కించి అనంతపురంలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కంటి లోపల సన్న నరాలు చిట్లి నెత్తురు దిగిందని, ఆయనకు పోగుల్లా కనబడేది అదేనని డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను చేయి దాటిపోయింది. కుడి కంటికి లేజర్ చేస్తే ఉన్న చూపు నిలబడవచ్చు, పోయినది మాత్రం రాదన్నాడు. పోగులు మొదలైనప్పుడే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని కూడా అన్నాడు. నాగమ్మ ఆ మాట విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. రామాంజనేయులు మాత్రం ఒక్కటే అడిగాడు: "గళ్లు కనబడతాయా సార్?" డాక్టరుకు గళ్ల సంగతి తెలియదు. నేను వివరించాను. కనబడవన్నాడు.

రెండో రోజు నేను ఆఫీసుకు రిపోర్టు పంపాను. డ్రైవర్ సరిచేశాం, ఫిర్యాదు పరిష్కారమైంది అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

మేనేజరు ఇంకొకర్ని పెట్టుకున్నాడు. ఆ కొత్తవాడు హంసను మొదటి నుంచి తనే గీసుకున్నాడు. రామాంజనేయులు ఇంట్లో నాగమ్మ మగ్గానికి కావలసిన దారం కండెలకు చుట్టే పనిలో పడ్డాడు, దానికి అంత చూపు అక్కర్లేదు. తర్వాత ఒకసారి వాళ్లింటికి వెళ్తే, "మిషన్ బాగుండాదా మేడమ్?" అని అడిగాడు. బాగుందన్నాను. "అయితే సరే" అన్నాడు.

ఆ కేసు వల్ల నాకు తెలిసింది ఇది. యంత్రంలో ఒక లోపం దొరికితే, మనిషి చెప్పినదంతా ఆ లోపానిదే అనుకోకూడదు. ఒకే ఫిర్యాదులో రెండు జబ్బులుండొచ్చు, నిజమైన మొదటిది రెండోదాన్ని దాచిపెట్టొచ్చు. ఆ తర్వాత నా సర్వీసు ముగిసేదాకా, తెర మీద ఏదో కనబడుతోందని ఎవరు ఫోన్ చేసినా ముందు గోడ వైపు చూడమనేదాన్ని. గోడ మీద ఏమీ లేదని వాళ్లు చెప్పాకే డ్రైవర్ సంగతి అడిగేదాన్ని.