నా పిక్క, అవ్వ తొడ, నర్సత్త బెల్లు

ఆ రోజుల్లో నాకు కూర్చోవడం వచ్చేది కాదు. నడవడం వచ్చు, పరిగెత్తడం బాగా వచ్చు, పడుకోవడం కూడా ఎలాగో నేర్చుకున్నాను. కూర్చోవడం మాత్రం చేతకాలేదు. సంగటి ముద్ద ముందు కూర్చున్నా ఒక మోకాలు పైకి లేచి సిద్ధంగా ఉండేది, ఎవరైనా పిలుస్తారేమోనని. (ఎవరూ పిలిచేవారు కాదు.) చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను బెంచీ కింద కాలి బొటనవేలితో ముందువాళ్ల చెప్పులు అటూ ఇటూ జరుపుతూ ఉండేవాణ్ణి. మా మేనత్త నన్ను 'గిలక' అని పిలిచేది. బావి మీద గిలకైనా చేద లేనప్పుడు ఊరుకుంటుందట, నేను ఊరుకోనట. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది.

మాది పుంగనూరు. నాన్న మామిడి తోటల్లో కూలికి పోయేవాడు. కోతల కాలం వచ్చిందంటే ఆయన నేల మీద కంటే చెట్ల మీదే ఎక్కువ కనిపించేవాడు. మా వంశంలో నెలజీతం అంటే ఏమిటో తెలిసిన మనిషి మేనత్త ఒక్కతే. మదనపల్లెలో ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి అందరికీ నర్సత్త. ఆమె తర్వాత నెలజీతం చూసే అదృష్టం నాకే పట్టేలా ఉండింది. డిగ్రీ అయ్యాక అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష రాసి ఎలాగో గట్టెక్కాను. ఇక మిగిలింది నడక పరీక్ష. దసరా దాటాక పెడతారు, గడువు లోపల పాతిక కిలోమీటర్లు నడిచి చూపించాలి, అంతే. ఈ సంగతి విన్న నాన్న ఆశ్చర్యం ఇంకా నా కళ్ల ముందు ఉంది. "వీడు పుట్టినప్పట్నుంచీ జేసేది అదే గదప్పా! దానికి జీతం గూడా ఇస్తారంటనా?" అని వీధి చివరిదాకా వెళ్లి అందరికీ చెప్పి వచ్చాడు.

దసరా దాకా ఆగేవాణ్ణి అయితే నేను నేనెందుకవుతాను? ఎండాకాలంలోనే అత్త ఇంట్లో మకాం పెట్టి, తెల్లవారగానే హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద సాధన మొదలుపెట్టాను. ఎక్కడం నడుస్తూ ఎక్కేవాణ్ణి, దిగడం మాత్రం పరుగే. ఒకరోజు దిగుతున్న బస్సుతో పందెం వేసుకున్నాను. (ఈ సంగతి బస్సు డ్రైవరుకు తెలియదు.) రెండు మలుపులు నేనే ముందున్నాను. మూడో మలుపులో ఎవరో నా పిక్క మీద రాయి పెట్టి కొట్టారు. గిర్రున వెనక్కి తిరిగి చూస్తే పిట్టగోడ మీద ఒక పెద్దమనిషి భార్యాపిల్లలతో కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు తింటున్నాడు.

"యాల కొడితివప్పా నన్ను?" అని కేకేశాను.

"నేనా? నిన్ను నేనేల కొడతానప్పా? నా సేతిలో శెనక్కాయలు తప్ప ఏముండాయి, సూడు!"

పోట్లాడదామని ఆయన వైపు ఒక అడుగు వేశాను, కూలిపోయాను. పాపం ఆయనే నన్ను తన కారులో వేసుకుని మదనపల్లెకు తీసుకొచ్చాడు. దారి పొడవునా భార్యతో "నేను కొట్టలేదు, నువ్వు సూస్తానే ఉండావు గదా" అంటూనే ఉన్నాడు. పిక్క కండ తెగితే వెనక నుంచి ఎవరో కొట్టినట్టే ఉంటుందని ఆ రోజే అత్త చెప్పింది. ఆ పెద్దమనిషి అప్పటికే వెళ్లిపోయాడు, క్షమాపణ చెప్పే వీలు లేకపోయింది.

అత్త ఇంట్లో అప్పటికే ఒక రోగి ఉంది. మా అవ్వ, అంటే నాన్నకూ అత్తకూ తల్లి. అంతకు ముందు చలికాలంలో పుంగనూరులో బాత్రూములో జారిపడింది. ఎముక విరగలేదు గానీ 'పెద్దామె, కదిలించగాకండి' అని మావాళ్లు ఆమెను భయంతో, ప్రేమతో నెలల తరబడి మంచం దిగనివ్వలేదు. నీళ్లు మంచం దగ్గరికే, సంగటి మంచం దగ్గరికే, ఆఖరికి ప్రార్థన కూటం కూడా మంచం దగ్గరికే. ఆ ప్రేమకు అవ్వ తొడలు కరిగి చీపురుకట్టల్లా అయిపోయాయి. అత్త వెళ్లి తమ్ముణ్ణి నాలుగు తిట్టి తల్లిని తెచ్చుకుంది. ఇప్పుడు అవ్వ మంచానికి ఎదురుగా నాకో మంచం వేసింది. కూర్చోలేని వాడొకడు, లేవలేని మనిషి ఒకతె, మధ్యలో రిటైరైనా డ్యూటీ దిగని నర్సు.

"ఎప్పుడు నడవచ్చు అత్తా?" అని నేను అడిగిన మొదటి పూటే ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సూడు గిలకా. కండ పోగుల్ని అంటుకోని కొన్ని కణాలు నిద్దర పోతా ఉంటాయి. పగలు డ్యూటీ లేనప్పుడు మా క్వార్టర్స్‌లో నర్సులు పడుకోనుంటారే, అట్ల. కండ తెగిందనుకో, బెల్లు కొట్టినట్లు. లేస్తాయి. ఒకటి రెండైతాది, రెండు నాలుగైతాయి. కొన్ని పోయి తెగిన చోట కలిసిపోయి కొత్త కండ అయితాయి. కొన్ని వెనక్కొచ్చి మళ్లా పడుకుంటాయి. ఇంకోసారి బెల్లు కొడితే లేసేదానికి ఎవరన్నా ఉండాల గదా?"

"మరి ఎక్సర్‌సైజు చేస్తే?"

"అదీ బెల్లే. మెల్లగా కొట్టే బెల్లు."

"అవ్వకూ ఉంటారా నర్సులు?"

"ఉండారు. వయసైతే తగ్గిపోతారు, ఉండేవాళ్లకు గూడా బెల్లు తొందరగా వినపడదు. అట్లని కొట్టకుండా ఉంటే అసలుకే లేయరు. రోజూ కొట్టాల."

"నాకు సెవులు బాగానే వినపడతాండాయిలే" అంది అవ్వ, ఎదురు మంచం మీద నుంచి.

పాఠం నాకు బాగా ఎక్కింది. ఎంత బాగా అంటే, నర్సులు లేచారో లేదో చూడకుండా ఉండలేనంత. బాత్రూములోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని, గోడ పట్టుకుని కుంటి కాలి మునివేళ్ల మీద లేచి చూసేవాణ్ణి. చురుక్కుమనేది. ఇంకా పని జరుగుతోంది కాబోలు అనుకుని, కాసేపటికి మళ్లీ వెళ్లేవాణ్ణి. ప్రతిసారీ మోచెయ్యి తగిలి మగ్గు కింద పడేది. వంటింట్లోంచి అత్త కేక వినిపించేది: "మళ్లా కొట్టినావా బెల్లు? వాళ్లను పనన్నా జేసుకోనిస్తావా, లేదా?" అదే సమయంలో అవ్వను కుర్చీలోంచి పది మార్లు లేపి కూర్చోబెట్టడానికి అత్త బతిమాలాల్సి వచ్చేది. ఒక ఇంట్లో ఒకరిని లేపలేక, ఒకరిని ఆపలేక ఆమె పడిన అవస్థ అప్పుడు నాకు తమాషాగా ఉండేది.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నయమైనా, ఉద్యోగం వచ్చినా, ఆ మనిషి ఆదివారం ఆరాధనలో లేచి ముందుకు నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పాలి. అది అందరూ చేసేదే. మా నాన్న మాత్రం నయం కాకముందే సాక్ష్యం తేదీ ఖాయం చేసి వచ్చాడు. ఒక సాయంత్రం మామిడిపళ్ల సంచితో దిగి, చెమట తుడుచుకుంటూ సంగతి బయటపెట్టాడు.

"అక్కా, వచ్చే ఆదివారం వీడు సాక్ష్యం చెప్తాడని పాస్టరయ్యగారికి చెప్పేసినా. అయ్యగారు గూడా మైకులో చెప్పేసినారు."

"యాడ బాగైందిరా వానికి?"

"విశ్వాసంతో చెప్పినానక్కా."

"విశ్వాసం నీది, పిక్క వానిది" అంది అత్త. "నేనూ పొద్దన సాయంత్రం ప్రార్థన జేస్తానే ఉండా. దేవుడు చేసే పనికి నువ్వు తేదీ పెట్టేదేందిరా?"

నాన్న నా వైపు చూశాడు. నేనేమన్నానో చెప్పాలా? బెంచీ మీద నుంచి ముందుదాకా నడవడమే కదా, ఎప్పుడెప్పుడా అని ఉంది నాకు.

ఆ ఆదివారం పుంగనూరులో మా చర్చి నిండిపోయింది. కుర్రాళ్లం కూర్చునేది వెనక బెంచీల్లో కాబట్టి దారి పొడవుగానే ఉంది. నా పేరు పిలవగానే అందరి తలలూ తిరిగాయి, నా మొహం వైపు కాదు, కాలి వైపు. కుంటకుండా నడిచాను. నిజంగానే నొప్పి లేదు. సాక్ష్యం కూడా బాగానే చెప్పాను. అంతటితో వెనక్కి వచ్చేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ముందు వరసలో ఒక పెద్దాయన ఇంకా అనుమానంగా నా పిక్క వైపే చూస్తున్నాడు. ఆయన అనుమానం తీర్చాలని బుద్ధి పుట్టింది. "చూడండి!" అని దెబ్బతిన్న కాలి మునివేళ్ల మీద లేచి, ఎగిరాను.

మళ్లీ అదే రాయి. అదే చోట. "అయ్యో దేవా!" అని చర్చి కప్పు ఎగిరిపోయేలా అరిచాను.

"ఆమెన్!" అంది సంఘం అంతా. ఒకాయన డోలు అందుకున్నాడు, స్తుతి పాట మొదలైంది. నేను అడుగు కదపలేక, చేతులు పైకెత్తి, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా అక్కడే నిలబడిపోయాను. పాట అయింది, ప్రసంగం అయింది, కానుక పళ్లెం తిరిగింది, నేను ఒంటికాలి మీద అక్కడే ఉన్నాను. అంత భక్తి మా పుంగనూరు సంఘం మునుపెన్నడూ చూసి ఉండదు. నాన్న తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న అత్త మాత్రం పాడలేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"కొట్టినావా?"

"కొట్టినానత్తా."

ఇంటికి చేరాక నవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఉద్యోగం చేయి జారిపోయిందనుకుని గోడ వైపు తిరిగి ఏడ్చాను. నాన్న మంచం పట్టె మీద కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. కొమ్మలు పట్టి పట్టి కాయలు కాచిన చేతులు. "ఈయేడు సెట్టెక్కితే కాళ్లు వణకతాండాయిరా" అన్నాడు. "నువ్వు ఉద్యోగంలో చేరితే నేను దిగేద్దామనుకుంటి. దానికే తొందరపడితి." ఆయన ఎప్పుడూ ఏ చెట్టుకూ భయపడినట్టు నాకు తెలియదు. అప్పటిదాకా అది నా ఒక్కడి నడక పరీక్షే అనుకున్నాను.

అత్త నన్ను తిట్టలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. "నీ వయసులో ఎన్నిసార్లు కొట్టినా వస్తారు" అంది. "కానీ ఈసారి వాళ్లను పని జేసుకోనీ. నొప్పి తగ్గినాక నువ్వు అవ్వతో నడస్తావు. అవ్వతోనే. అవ్వ ఎంత నడిస్తే అంత, అవ్వ ఎట్ల నడిస్తే అట్ల."

జీవితంలో నాకు పడిన శిక్షల్లో అదే పెద్దది. అవ్వ నా మోచెయ్యి పట్టుకుని అత్త ఇంటి నుంచి ఆసుపత్రి గేటు వైపు బయలుదేరేది. ఒక అడుగు వేసి, ఆగి, ఎదురొచ్చిన మనిషిని "ఏమ్మా, బాగుండావా? మీ యమ్మ బాగుండాదా?" అని అడిగేది. జవాబు మొత్తం వినేది. ఇంకో అడుగు వేసేది. టీ అంగడివాణ్ణి, ఆటోవాళ్లను, గోడ మీది పిల్లిని కూడా పలకరించేది. నా కాళ్లలో చీమలు పాకేవి. "అవ్వా, రోంత బిరీన పోదామా" అంటే, "పోదాంలే నాయనా, గేటు యాడికన్నా పోతాందా?" అనేది. మొదట్లో ఇంటి మెట్ల నుంచి వేపచెట్టు దాకా, తర్వాత గేటు దాకా, వానలు వెనకబడేసరికి బజారు వీధి దాకా వెళ్లి వచ్చాం. నా పిక్క నొప్పి లేకుండా సాగింది, మునివేళ్ల మీద లేచి చూసుకోవడం నేనే మరిచిపోయాను. ఒకరోజు చూస్తే అవ్వ నా మోచెయ్యి పట్టుకుని లేదు. ఎప్పుడు వదిలిందో ఇద్దరికీ తెలియదు.

తనకు అంత దూరం చాలని అవ్వ అన్నాక, నన్ను ఒంటరిగా వదిలింది అత్త. ముందు అంగళ్లు అనే ఊరి దాకా, తర్వాత ఇంకొంచెం దూరం, నడకే తప్ప పరుగు లేదు. దసరా వెళ్లాక పరీక్ష రోజు రానే వచ్చింది. విజిల్ ఊదగానే కుర్రాళ్లంతా బాణాల్లా దూసుకుపోయారు. నా కాళ్లు వాళ్ల వెంట వెళ్లడానికి ఎంత గింజుకున్నాయో నాకే తెలుసు. పక్కన అవ్వ ఉన్నట్టు ఊహించుకున్నాను. (అవ్వ వేగంతో నడవలేదు లెండి, అలా నడిస్తే ఇంకా దారిలోనే ఉండేవాణ్ణి.) చురుగ్గానే, కానీ ఒకటే నడక నడిచాను. సగం దూరం దాటాక పిక్క కొంచెం పట్టేసింది. ఆగి మునివేళ్ల మీద లేచి చూసుకోవాలని ప్రాణం లాగింది. చూసుకోలేదు. గడువు ముగియబోతుండగా గీత దాటాను. నా వెనక ఇంకా కొందరు ఉన్నారు గానీ, వాళ్లు అంబులెన్సులో ఉన్నారు.

కబురు తెలిసిన మరుక్షణం నాన్న అయ్యగారి దగ్గరికి పరిగెత్తబోయాడు. ఈసారి సాక్ష్యం నేను చెప్పనన్నాను, అవ్వ చెప్తుందన్నాను. ఆ ఆదివారం అవ్వ తన బెంచీ మీద నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. దారికి అటూ ఇటూ ఉన్న వాళ్లందర్నీ పలకరించుకుంటూ వెళ్లింది. ఆమె చేరేలోపు పాటలోని చరణాలన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి పాడారు. మైకు పట్టుకుని, "నడిసినా. సాలు" అని చెప్పి వెనక్కి తిరిగింది. ఆ మరుసటి కోతల కాలంలో నాన్న చెట్టు కింద నిలబడి పైవాళ్లకు కొమ్మలు చూపించాడు. ఆయన్ని నేల మీద చూడటం మాకు అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది.

అవ్వ ఇప్పుడు లేదు. నేను కుప్పం వైపు, రామకుప్పం దగ్గర రాగి చేలలోకి దిగిన ఏనుగులను అడవికి మళ్లించే పనిలో ఇన్నేళ్లు నడిచాను. మొన్నామధ్య గట్టు దిగుతుంటే మళ్లీ అదే పిక్క మీద అదే రాయి తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరూ ఉండరని తెలుసు. అత్తకు ఫోన్ చేశాను. ముసలితనంతో గొంతు సన్నబడింది గానీ డ్యూటీ మాత్రం దిగలేదు. "నీ నర్సులకు గూడా వినపడటం తగ్గింటుందిరా గిలకా. మానేదానికి నిదానం అయితాది. నొప్పి తగ్గినాక మెల్లగా మొదలుబెట్టు. రోజూ కొట్టు" అంది.

అందుకని ఇప్పుడు పొద్దున్నే క్వార్టర్స్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. లేస్తాను, కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు చూసి మొహం తిప్పుకుని నవ్వుకుంటారు, నవ్వనీ. ఒకప్పుడు క్షణం ఆగలేని నేను, లోపల ఎవరైనా లేచారేమోనని ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చుంటున్నాను. ఆలస్యమవుతోంది, ఒప్పుకుంటాను. వాళ్లు బయలుదేరే ఉంటారు, మా అవ్వలాగా దారిలో అందర్నీ పలకరించుకుంటూ వస్తున్నారేమో.