నాలుగో పాట వినమన్న మనిషి

మంగళవారం పొద్దున పదింటికి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్ పోయిండు బిడ్డా. చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పక్కకొరిగిండు. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అంది. నేను ఆఫీసులో ఉన్నాను. ఒక వెబ్ పత్రికలో ప్రతి శుక్రవారం కొత్త ఆల్బమ్‌ల గురించి రాస్తాను. ఆ వారం దేని గురించి రాయాలో తోచక, సాయంత్రం ఆయన్ని అడుగుదామనుకుంటున్నాను.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక సందులో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ మనిషి. మాది గుంటూరు. చైతన్యపురి హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో నా చిన్న స్పీకర్ పాడైతే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. బాగుచేసి, నేనెప్పుడూ వినని పాట ఒకటి పెట్టాడు. మంచి సినిమా పాట ఏదైనా పెట్టి చూడొచ్చుగా అన్నాను.

"తెలిసిన పాటైతే చెవి మోసం జేస్తది బిడ్డా. గరగర అన్నా మనమే సర్దుకుంటం. కొత్త పాటైతేనే స్పీకర్ సంగతి తెలుస్తది" అన్నాడు.

అందుకని ఆయనకి ఎప్పుడూ కొత్త పాటలు కావాలి. అవి వాటంతటవే వచ్చేవి కూడా. ఊళ్లో ఎవరికీ తెలియని చిన్న చిన్న బ్యాండ్ల వాళ్లు, కాలిపోయిన ఆంప్లిఫయర్లు మోసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. "మీ పాటలు గీ పెన్‌డ్రైవ్‌ల ఏసి పో" అనేవాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, టంకం పెడుతూ ఆల్బమ్ మొత్తం వినేవాడు. ఎవరికి ఏది వినిపించాలో ఆయనకి ఒక లెక్క ఉండేది. ఒకసారి నేను అడిగిన ఆల్బమ్ ఇవ్వకుండా దాచేశాడు. "నువ్వు మొన్ననే పరీక్ష పోయి పరేషాన్ల ఉన్నవ్. జర తేరుకో, అప్పుడిస్తా" అన్నాడు. రెండు నెలల తర్వాత గుర్తుపెట్టుకుని ఇచ్చాడు.

కోచింగ్ నాకు అచ్చిరాలేదు. పత్రికలో చేరాను. శుక్రవారం శీర్షిక నాకిచ్చినప్పుడు ధైర్యంగా ఒప్పుకున్నానంటే, ఆ దుకాణం ఉందనే. వారానికోసారి వెళ్లి, స్టూల్ మీద కూర్చుని, ఆయన చెప్పింది విని వచ్చి రాసేదాన్ని. "మొదటి పాట అందరు మంచిగనే జేస్తరు. నాలుగో పాట ఇను. ఆడ తెలుస్తది వాళ్ల దమ్మెంతో" అనేవాడు. ఆ మాటే నా శీర్షికలో నా మాటగా వచ్చింది. పాఠకులు మెచ్చుకున్నారు. ఎవరో వీడియో ఇంటర్వ్యూలో, ఇంత కొత్త బ్యాండ్లని ఎలా పట్టుకుంటారని అడిగారు. నెట్ అంతా జల్లెడ పడతానని చెప్పాను. నాలుక చివర ఆయన పేరు ఉంది. సందులో స్పీకర్లు బాగుచేసే మనిషి చెప్తాడంటే నా విలువ ఎక్కడ తగ్గుతుందోనని మింగేశాను.

ఆయన అది చూశాడు. తర్వాతి వారం పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ, "నీ జల్లెడల ఇది గూడ పడ్డదేమో సూడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేశాను. తప్పయింది బాబాయ్ అని అనడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు.

ఈ ఏడాది మొదట్లో ఇసుక లారీ అనే బ్యాండ్ ఆల్బమ్ ఇచ్చాడు. నలుగురు కుర్రాళ్లు. డ్రమ్స్ వాయించే అబ్బాయి వాళ్ల నాన్న ఎల్బీనగర్ అడ్డాలో ఇసుక లారీ నడుపుతాడట. ఆ ఆదివారం చిన్న హాల్లో వాయిస్తున్నారు, రమ్మన్నాడు. ఆయన నన్ను అలా రమ్మనడం అదే మొదటిసారి. నేను వెళ్లలేదు. ఆ వారం పెద్ద బ్యాండ్ ఒకటి ఆల్బమ్ విడుదల చేసింది, దాని మీద రాశాను.

తర్వాత కలిసినప్పుడు, "నాలుగో పాట దాకా ఇన్నవా?" అని అడిగాడు.

"విన్నాను బాబాయ్. అందులో మాటలు చాలా బాగున్నాయి" అన్నాను.

ఆయన టంకం పక్కన పెట్టి ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ఔ, మంచిగనే ఉంటయ్" అని మళ్లీ పనిలో పడ్డాడు. ఆ తర్వాత వెళ్లినా చాయ్ తెప్పించేవాడు, కబుర్లు చెప్పేవాడు. కొత్త ఆల్బమ్ మాత్రం మళ్లీ ఇవ్వలేదు. పనిలో పడి మర్చిపోతున్నాడనుకున్నాను.

ఆయన పోయిన మర్నాడు ఆ పెన్‌డ్రైవ్ వెతికి పెట్టుకుని విన్నాను. నాలుగో పాటలో మాటలు లేవు. ఐదు నిమిషాలు ఉత్త వాద్యాలే. మొదట బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది, మెల్లగా డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. అంత మంచి పాట నేను ఈ మధ్య వినలేదు. వింటూ కూర్చోలేక ఆపేశాను.

పదకొండో రోజు ఎల్బీనగర్ ఇంటికి వెళ్లాను. దుకాణంలో ఒకసారి చూసిన డ్రమ్స్ అబ్బాయి విస్తళ్లు అందిస్తున్నాడు. నేనే వెళ్లి పలకరించి, బ్యాండ్ ఎలా నడుస్తోందని అడిగాను.

"లేదక్కా, బందైంది" అన్నాడు. "మీరు రాస్తరని బాబాయ్ చెప్పిండు. రెండు నెలలు చూసినం. పాడేటోడు విజయవాడల నౌకరికి పోయిండు. బేస్ అమ్ముకున్నం." అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

పిన్నితో జరిగిందంతా చెప్పాను. ఇప్పుడైనా ఆయన పేరుతో పెద్ద వ్యాసం రాస్తానన్నాను. ఆమె "ఉన్నప్పుడు రాయలే గదా బిడ్డా. ఇప్పుడు పేరెందుకు?" అంది. అందుకే ఇందులో ఆయన పేరు లేదు. ఇన్నేళ్లూ ఈ శీర్షికలో మీరు చదివి ఇష్టపడ్డ బ్యాండ్లన్నీ ఆయన చెవి పట్టుకున్నవే. ఆ మాట ఒప్పుకోవడానికే ఈ శుక్రవారం రాస్తున్నాను.

మొన్న దుకాణంలో ఉన్న వస్తువులు ఎవరివి వాళ్లకి ఇచ్చేయడానికి పిన్ని షట్టర్ తీయించింది. నేను, డ్రమ్స్ అబ్బాయి సాయం వెళ్లాం. "ఇంట్ల పాటలు పెడితే చెవులు పోతయని తిట్టేదాన్ని. ఈడ ఏమినేటోడో నాకెన్నడు తెల్వదు" అంది పిన్ని. ఆ అబ్బాయి ఒక పెద్ద స్పీకర్‌కి వైరు తగిలించి వాళ్ల ఆల్బమ్ పెట్టాడు. పిన్ని కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, నల్లటి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. లోపల డ్రమ్స్ మోగుతుంటే, పెట్టె మీది దుమ్ము ఆమె వేళ్ల చుట్టూ సన్నగా అదురుతోంది. పాట ఆగాక కూడా ఆమె చెయ్యి తీయలేదు.